మీడియా క్వెరీతో కుదరని కార్డు, కంటైనర్ క్వెరీతో కుదిరింది

ఒక పచ్చళ్ల షాపు సైట్ చేస్తున్నా, ఒకటే ప్రొడక్ట్ కార్డు, ఎడమవైపు ఫోటో, కుడివైపు పేరు, రేటు. మెయిన్ పేజీలో బాగానే ఉంది కానీ అదే కార్డు సైడ్‌బార్‌లో పెడితే ఫోటో నలిగిపోయి "గోంగూర పచ్చడి 500 గ్రాములు" అన్నది నాలుగు లైన్లకి దిగిపోతోంది. మీడియా క్వెరీ (స్క్రీన్ సైజుని బట్టి స్టైల్ మార్చే CSS రూల్) ఎంత మార్చినా లాభం లేదు, ఎందుకంటే అది చూసేది స్క్రీన్ వెడల్పుని, కార్డు ఉన్న చోటుని కాదు, స్క్రీన్ 1400 పిక్సెల్స్ ఉంటే సైడ్‌బార్ 260 ఉన్నా సరే బోలెడు చోటుంది అనుకుంటుంది.

అందుకే కంటైనర్ క్వెరీ వాడా, అది స్క్రీన్‌ని కాదు, కార్డు చుట్టూ ఉన్న డబ్బా (కంటైనర్) వెడల్పుని చూస్తుంది. కార్డు చుట్టూ ఒక డివ్ (డబ్బా లాంటి HTML ట్యాగ్) పెట్టి దానికి కంటైనర్-టైప్: ఇన్‌లైన్-సైజ్ (container-type: inline-size) ఇచ్చా, అంటే దాని వెడల్పుని చూడమని. మామూలుగా ఫోటో పైన, పేరు కింద, ఆ డివ్ 400 పిక్సెల్స్ దాటితేనే పక్కపక్కన వచ్చేలా @కంటైనర్ రూల్ రాశా. అంతే, సెట్ అయిపోయింది!

ఇక్కడ ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, కంటైనర్ తన సైజు చూసి తన స్టైల్ తనే మార్చుకోలేదు, లోపలున్నవాటినే మార్చగలదు, బయట డివ్ కావాల్సింది అందుకే. ఇంకోటి, ఆ డివ్ ఫ్లెక్స్ వరుసలో (వస్తువుల్ని పక్కపక్కన పేర్చే CSS పద్ధతి) ఉంటే లోపలి కంటెంట్ వెడల్పుని లెక్కలోకి తీసుకోదు కాబట్టి సున్నాకి ముడుచుకుపోయి కార్డే కనపడదు, డివ్‌కి ఫ్లెక్స్: 1 (మిగిలిన చోటు తీసుకోమని) ఇస్తే సరిపోతుంది.

కంటైనర్ క్వెరీ క్రోమ్, సఫారీలో 2022 నుంచీ, ఫైర్‌ఫాక్స్‌లో 2023 ఫిబ్రవరి నుంచీ ఉంది కాబట్టి ధైర్యంగా వాడొచ్చు. సైడ్‌బార్ కోసం విడిగా రాసిన క్లాసులన్నీ తీసేశా.