కొత్త భాషలో పొడవాటి వాక్యాలు తడబడకుండా మాట్లాడటం ఎలా?

కొత్త భాషలో ‘రేపు వస్తాను’, ‘నాకు తెలియదు’ లాంటి ముక్కలు తొందరగానే నోటికి వచ్చేస్తాయి. అసలు చిక్కంతా ‘నిన్న వద్దామనుకున్నాను కానీ జ్వరం వచ్చి రాలేకపోయాను’ అనాల్సి వచ్చినప్పుడే. పదాలన్నీ తెలిసినవే, అయినా సగంలో ఆగిపోతాం. ఇంగ్లీషులో ఇలాంటి వాక్యం ఎత్తుకుని, దారి తప్పి, చివరికి ‘యెస్టర్‌డే... ఫీవర్’ అని రెండు మాటలతో సరిపెట్టిన రోజులు నాకూ ఉన్నాయి.

ఇలాంటప్పుడు చాలామంది ఇంకో వంద పదాలు బట్టీ పడతారు. నన్నడిగితే, లోటు పదాల్లో కాదు, అతుకుల్లో ఉంది.

1. ముందు అతుకు మాటలు పట్టుకోండి

తెలుగులో మనం క్రియ చివరనే అతుకు వేసేస్తాం: వచ్చి, వస్తే, వచ్చినా, వచ్చాక. ఇంగ్లీషులో ఈ పనికి ఎక్కువగా విడి మాటలుంటాయి: ఇఫ్, ఆల్దో, ఆఫ్టర్. అవి ముక్క చివర కాదు, మొదట్లో వస్తాయి. ‘వాన వస్తే’ అనేటప్పుడు ఆ ‘తే’ దాకా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాలంటే నోరు తెరిచే ముందే అది షరతని తేల్చుకోవాలి. తెలుగులో అనుకుని మాటకు మాట మార్చుకుంటూ పోతే వాక్యం మధ్యలో కూలిపోయేది ఇందుకే.

‘నువ్వు నిన్న చూపించిన ఫొటో’ కూడా అంతే. మనకు ఫొటో చివర వస్తుంది. ఇంగ్లీషులో ‘ద ఫొటో యూ షోడ్ మి యెస్టర్‌డే’ అని ముందు వస్తువు పేరు చెప్పేసి, తర్వాత దాని కథ చెప్పాలి. జపనీస్ నేర్చుకునేవాళ్లకు ఈ బాధ తక్కువ. ‘లేచి, ముఖం కడుక్కుని, బయల్దేరాను’ అనడానికి జపాన్ వాళ్లూ మనలాగే ‘ఒకితే, కావో ఓ అరత్తే, దెకకెమషిత’ అని గొలుసు కడతారు.

కానీ, ఎందుకంటే, అందుకని, ఒకవేళ, అప్పుడు, తర్వాత, అయినా, అని. మీరు నేర్చుకునే భాషలో ఈ పనులు ఎలా జరుగుతాయో ముందు చూసుకోండి.

2. చిన్న వాక్యాన్నే పెంచండి

ఐ కుడింట్ కమ్.
ఐ కుడింట్ కమ్ యెస్టర్‌డే.
ఐ కుడింట్ కమ్ యెస్టర్‌డే బికాజ్ ఐ హ్యాడ్ ఎ ఫీవర్.

ఏ మెట్టు దగ్గర ఆగినా అది పూర్తి వాక్యమే, గమనించారా? టెన్షన్ సగం అక్కడే పోతుంది. మన బుర్రలో ఒకేసారి నిలిచే ముక్కలు కూడా తక్కువే. 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఏడు, దానికి రెండు అటూ ఇటూ అన్నారు. 2001లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ దాన్ని దాదాపు నాలుగుకు దించారు. పది పదాల్ని విడివిడిగా మోయలేం గానీ, ‘బికాజ్ ఐ హ్యాడ్’ అంతా ఒకే ముక్కగా నోటికి పట్టేస్తే బరువు తగ్గుతుంది.

3. నోరు తిరగకపోతే తోక నుంచి రండి

ముందు ‘ఎ ఫీవర్’, తర్వాత ‘బికాజ్ ఐ హ్యాడ్ ఎ ఫీవర్’, ఆ తర్వాత మొత్తం. మొదటి నుంచి సాధన చేస్తే మొదలు బాగా వచ్చి చివర నసుగుతాం. ఇలా వెనక నుంచి వస్తే, ముందుకు పోయేకొద్దీ బాగా అలవాటైన భాగంలోకి అడుగుపెడతాం.

4. ఒకే కథ మూడుసార్లు చెప్పండి

నిన్న ఏం జరిగిందో 4 నిమిషాలు చెప్పండి. అదే కథ 3 నిమిషాల్లో, మళ్లీ 2 నిమిషాల్లో. 1983లో కీత్ మారిస్ అనే ఇంగ్లీషు బోధకుడు చెప్పిన పద్ధతి ఇది. అసలైతే ప్రతిసారీ వినేవాళ్లు మారాలి, ఎవరూ దొరక్కపోతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మూడోసారికి మాటల కోసం వెతుకులాట తగ్గి, విడిగా ఉన్న వాక్యాలు వాటంతటవే అతుక్కోవడం మీకే వినిపిస్తుంది. మొదటి రికార్డింగ్ వినడం మాత్రం కాస్త నరకమే. ఓర్చుకోండి.

5. మధ్యలో ఇరుక్కుంటే

అక్కడే ఫుల్‌స్టాప్ పెట్టేయండి. ‘అంటే నేను చెప్పేదేంటంటే’ అనే మాట ఆ భాషలో ఒకటి సిద్ధంగా ఉంచుకుని (ఇంగ్లీషులో ‘వాట్ ఐ మీన్ ఈజ్’, హిందీలో ‘మత్‌లబ్’), చిన్న వాక్యంతో మళ్లీ ఎత్తుకోండి. సొంత భాషలో కూడా రోజూ మనం చేసేది ఇదే, పట్టించుకోమంతే.

ఒక్కోసారి ఎదుటివాళ్లే మాట అందుకుని మన వాక్యం పూర్తి చేసేస్తారు. అప్పుడు ‘యెస్, యెస్’ అని తలూపి వదిలేయకుండా, వాళ్లు అన్న వాక్యాన్ని అక్కడికక్కడే మీ నోటితో మొత్తం ఒకసారి అనేయండి.