పత్తిల గులాబీ పురుగును లెక్కపెట్టుడు ఇట్ల

మాది సిరోంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు. మందు కొట్టాల్నా వద్దా అని దుకాణపాయన్ని అడగకుండ్రి, రెక్కపురుగులను పట్టే బుట్టను అడుగుండ్రి. విత్తిన 45 రోజులకు ఎకరానికి రెండు లింగాకర్షక బుట్టలు, మొక్క కొసకు జానెడు పైన కట్టాలె. లోపలి ఎరది ఆడ రెక్కపురుగు వాసన, దానికి మగవే వస్తయి. చెట్టు పెరిగినకొద్దీ బుట్టను లేపాలె. ఒక ఏడు నేను మరిచిన, బుట్ట ఆకులల్ల మునిగింది. ఒక్కటీ పడలేదని సంబరపడ్డ, కాయ చీరితే గింజలల్ల పురుగు! తంబాకు నలిపిన వేళ్లతో ఎర ముట్టకుండ్రి. మూడు నాలుగు వారాలకు ఎర మార్చాలె. పొద్దుగాల లెక్క రాసుడు ముఖ్యం: బుట్టకు 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితేనే మందు. పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూలు అగుపిస్తే తెంపి కాల్చుండ్రి.