అరికాలి చెలమ: యోంగ్‌చువాన్ (నాలుగో పాఠం)

పోయిన పాఠంలో పాదం పైవైపు, బొటనవేలికీ రెండో వేలికీ నడుమ ఉండే తాయ్‌చోంగ్ అనే నొక్కుడు బిందువును పట్టుకున్నాం. ఇవాళ పాదాన్ని తిరగేద్దాం. శరీరంలో శక్తి పారే దారులుగా చైనా సంప్రదాయ వైద్యం చెప్పే పన్నెండు ప్రధాన మార్గాల బిందువుల్లో సరిగ్గా అరికాల్లో ఉండేది ఒక్క యోంగ్‌చువానే.

యోంగ్ అంటే ఉబకడం, చువాన్ అంటే ఊట. ఎండిన ఏట్లో ఇసుక తోడితే చెలమలోకి నీరు ఊరుతుంది చూశారా, అదీ ఈ పేరులోని భావం. మూత్రపిండ మార్గంలోని 27 బిందువుల్లో ఇది మొదటిది. ఆ మార్గం ఇక్కణ్ణుంచి కాలి లోపలివైపుగా ఎక్కి, మెడ కింది అడ్డ ఎముక దగ్గర ముగుస్తుంది.

చోటు పట్టుకోవడమే ఈ పాఠంలో అసలు పని. చాలామంది పాదం వంపు నడిమధ్యలో నొక్కుతారు. అది తప్పు, బిందువు ఇంకా ముందుకు ఉంటుంది. కుర్చీలో కూర్చుని ఎడమ పాదాన్ని కుడి తొడ మీద పెట్టుకోండి. వేళ్లను లోపలికి ముడవండి. వేళ్ల కింది మెత్తటి దిండు వెనకాల ఒక గుంట పడుతుంది. అందులో అన్నిటికంటే లోతైన చోటే మన చెలమ.

కంటిని మాత్రమే నమ్మకండి, ఒక దారం తీసుకోండి. రెండో వేలికీ మూడో వేలికీ మధ్య సందు నుంచి మడమ చివరిదాకా కొలవండి. వేళ్ల పొడవు లెక్కలోకి రాదు. ఆ దారాన్ని మూడు మడతలు వేసి, ఒక మడత పొడవును సందు నుంచి వెనక్కి పట్టండి. మొత్తం 18 సెంటీమీటర్లుంటే 6 దగ్గర ఆగాలన్నమాట. గుంటా, దారమూ ఒకే చోట కలిస్తే అక్కడ పెన్నుతో చుక్క పెట్టండి. కలవకపోతే వేళ్లు సరిగా ముడిచారో లేదో చూసుకుని మళ్లీ కొలవండి. మొదటిసారే కుదరాలని లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ప్రాచీన చైనా గ్రంథం లింగ్‌షూ ఈ బిందువును 'పాదపు హృదయం' అంటుంది. మన సుశ్రుత సంహిత, నడిమి వేలికి సూటిగా అరికాలి మధ్యలో ఉన్న మర్మాన్ని 'తలహృదయం' అంటుంది. తలం అంటే అరికాలు. పేర్లు ఇంత దగ్గరగా ఉన్నా రెండూ ఒకటే అనుకోవద్దు. సుశ్రుతుడు దెబ్బ తగలకుండా కాచుకోవాల్సిన చోటు చెబుతున్నాడు, చైనా వైద్యులు నొక్కాల్సిన చోటు చెబుతున్నారు.

ఎందుకు నొక్కుతారంటే నిద్ర పట్టనప్పుడు, నడినెత్తి నొప్పికి, తల తిరుగుడుకు. వేడి పైకెక్కింది, కిందికి దించాలి అన్నది వాళ్ల తర్కం. కోపమొస్తే 'అరికాలి మంట నెత్తికెక్కింది' అనే మనకు ఆ ఊహ కొత్తేమీ కాదు. అయితే ఈ మార్గాలు శరీరాన్ని కోసి చూస్తే కనిపించేవి కావు. దీన్ని నమ్ముకుని బీపీ మాత్ర మానేయడం ప్రమాదం.

రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడుక్కుని తుడుచుకోండి. రెండు చుక్కల నువ్వుల నూనె రాసి, చేతి బొటనవేలి మెత్తతో శ్వాస వదులుతూ నొక్కండి, తీసుకుంటూ వదలండి. ఒక్కో పాదానికి రెండు నిమిషాలు చాలు. బరువైన నొప్పి తెలియాలి, చురుక్కుమనకూడదు. లేచే ముందు నూనె తుడిచేయండి, టైల్స్ మీద జారతారు.

షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు గట్టిగా నొక్కొద్దు, కాపడం పెట్టొద్దు. కాలిన సంగతి కూడా వాళ్లకు తెలియదు. గర్భిణులు డాక్టరును అడిగాకే చేయాలి. పుండు, పగుళ్లు ఉంటే మానేలోపు ముట్టుకోవద్దు. ఇలాంటి బిందువుల్లో సూదులు గుచ్చే చికిత్స (ఆక్యుపంక్చర్) కూడా ఉంది, కానీ ఇంట్లో సూది మాటే వద్దు.

ఈ వారం ఇంట్లో ముగ్గురి పాదాలు దారంతో కొలిచి చుక్క పెట్టండి. పెద్దవాళ్ల పాదం, పిల్లల పాదం రెండూ ఉండాలి. వచ్చే పాఠంలో ఇదే మార్గంలో కాస్త పైకి వెళ్లి, లోపలి చీలమండకూ మడమ వెనకాల గట్టి స్నాయువుకీ (అకిలీస్ టెండన్) మధ్య ఉండే తాయ్‌షీని వెతుకుదాం. దారం దాచిపెట్టుకోండి.