బ్రిడ్జి ఎక్కడ పోయిందో చూడండి, ఎందుకు పోయిందో తెలుస్తుంది

విజయనగరంలో డెంటల్ ల్యాబు పని నాది. బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం, శ్రీకాకుళం క్లినిక్కుల నుంచి కొత్త కొలతలతో పాటు పాడైపోయిన బ్రిడ్జీలు (పోయిన పన్ను చోట, పక్క పళ్ల మీద ఆనించి అంటించే కట్టుడు పళ్లు) కూడా నా బల్ల మీదికొస్తుంటాయి. వాటితో వచ్చే చీటీ మీద చాలాసార్లు ఒకటే మాట: "ఈసారి ఇంకా గట్టి మెటీరియల్‌తో చెయ్యండి." పేషెంట్లు అడిగేదీ అదే. మెటల్ సిరామిక్ (లోపల లోహం, పైన పింగాణీ పొర) పోతే జిర్కోనియా (గట్టి తెల్ల సిరామిక్) కావాలంటారు, జిర్కోనియా పోతే దాన్ని మించింది ఏముందంటారు.

నమిలినప్పుడు పడే బరువు ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా. మెటీరియల్ మారిస్తే ఆ ఒత్తిడి మాయమవదు, చోటు మారుతుంది. వంగని బ్రిడ్జిలో పన్నుకీ పన్నుకీ మధ్య అతుకు దగ్గర పేరుకుంటుంది. దాన్నే మేం కనెక్టర్ అంటాం. వంగే బ్రిడ్జిలో పైనున్న సిరామిక్ మీదికి, లోపలున్న సిమెంటు మీదికి, బ్రిడ్జిని మోసే ఆధారపు పళ్ల అంచుల మీదికి పోతుంది. అందుకే ఏ చోట పాడైందో ముందు చూడాలి.

ఒక లెక్క గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా సులువు. గెడ్డకి అడ్డంగా వేసిన తాటిదుంగ మీద నడిస్తే దుంగ మధ్యలో కిందికి దిగుతుంది, దాని అడుగువైపు సాగుతుంది. బ్రిడ్జీ అంతే. పొడవు రెండింతలైతే వంగడం ఎనిమిదింతలవుతుంది, మూడింతలైతే ఇరవై ఏడింతలు. మందం సగానికి తగ్గించినా వంగడం ఎనిమిదింతలే. ఒక పన్ను పోయినప్పుడు ఏళ్ల తరబడి నిలిచిన డిజైను, వరసగా రెండు పళ్లు పోయిన చోట ఎందుకు నిలవదో దీన్నిబట్టి తెలుస్తుంది.

పైన తెల్ల పెచ్చు ఊడింది, బ్రిడ్జి మాత్రం కదల్లేదు

ఎక్కువగా వచ్చే కంప్లయింటు ఇదే. నాలుకకి గరుకుగా తగులుతుంది, అద్దంలో చూస్తే నల్లగా లోహం కనబడుతుంది.

ఊడిన చోటుని భూతద్దం కింద పెడితే రెండు రకాలుగా ఉంటుంది. లోహం మీద సన్నటి తెల్ల పొర ఇంకా అంటుకుని ఉంటే, సిరామిక్ తనలో తానే చీలిందని అర్థం. అలా కాకుండా లోహం ముదురు బూడిద రంగులో బోడిగా బయటపడితే సిరామిక్‌కీ లోహానికీ పట్టు లేదన్నమాట. ఈ రెండోది చాలావరకు ల్యాబు పనిలో లోపమే. మెటల్ సిరామిక్ లోపల వాడే నికెల్ క్రోమియం లోహాన్ని ఫర్నేసులో అవసరానికి మించి కాలిస్తే ఆక్సైడు పొర మందమైపోతుంది, సిరామిక్ ఆ పొరతో సహా లేచి వస్తుంది. కాల్చేముందు చేతి జిడ్డు అంటినా ఇదే గతి. దీనికి నోట్లో రిపేరు నిలవదు, కొత్తది చేయించాల్సిందే. ఖర్చు ఎవరు పెట్టుకోవాలని డాక్టరుగారి ద్వారా ల్యాబుని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

మొదటి రకానికి కారణం ఆకారంలో ఉంటుంది. జిర్కోనియా వంపు బలం, అంటే వంచితే విరక్కుండా తట్టుకునే ఒత్తిడి, 900 నుంచి 1200 మెగాపాస్కల్. దాని మీద రంగు కోసం వేసే సిరామిక్‌ది 100 దాటడం అరుదు. లోపలి ఫ్రేమ్‌ని పన్ను ఆకారంలో మలచకుండా అంతటా ఒకే మందంలో సన్నగా చేసేసి, మిగిలిన ఎత్తంతా పై సిరామిక్‌తో నింపేస్తే, పన్ను పైనుండే కొమ్ముల (మొనల) కింద ఆసరా ఉండదు. జంతిక కొరికిన రోజున కొమ్ము ఎగిరిపోతుంది. ఆసరా లేని సిరామిక్ రెండు మిల్లీమీటర్లు దాటకూడదని మా పనిలో నియమం. గడువు తరుముతుంటే ముందు మర్చిపోయేది అదే.

చల్లార్చడంలోనూ తేడా ఉంది. మెటల్ సిరామిక్‌లో లోహం చల్లారేటప్పుడు సిరామిక్ కంటే కాస్త ఎక్కువ కుంచించుకుపోతుంది, దాంతో పై పొర నొక్కుడులో ఉండి గట్టిపడుతుంది. జిర్కోనియా వేడిని త్వరగా వదలదు. ఫర్నేసు తలుపు తొందరగా తెరిస్తే పై పొర లోపల లాగుడు ఒత్తిడి నిలిచిపోతుంది. బ్రిడ్జి నోట్లోకి వెళ్లేసరికే సగం అలిసిపోయి ఉంటుంది. ఫర్నేసు ప్రోగ్రాములో నెమ్మదిగా చల్లార్చే దశ పెట్టారా అని డాక్టర్లు ల్యాబుని ఒక్క మాట అడగొచ్చు.

పెచ్చు చిన్నదైతే అంచులు నున్నగా పాలిష్ చేస్తే సరిపోతుంది. ఓ మోస్తరుదైతే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, సైలేన్ (పట్టు కోసం పూసే మందు) పెట్టి కాంపోజిట్‌ (పంటి రంగు ఫిల్లింగు)తో నింపుతారు. దాన్ని తాత్కాలికమనే అనుకోండి. కొత్తది చేయించాల్సి వస్తే దవడ పళ్ల దగ్గర పై పొర అసలు లేని ఏకముక్క జిర్కోనియా మంచిది, ఊడడానికి పెచ్చే ఉండదు. ముందు పళ్లకి అందం కావాలంటే పెదవి వైపు మాత్రమే పలుచగా సిరామిక్ వేసి, కొరికే అంచు జిర్కోనియాలోనే ఉంచాలి.

నిలువునా రెండు ముక్కలైంది

జిర్కోనియా, ఈమ్యాక్స్ (గాజు రకం సిరామిక్) బ్రిడ్జీల్లోనే ఇది ఎక్కువ. లోహం విరిగేముందు కాస్త వంగుతుంది, సాగుతుంది. సిరామిక్ ముందస్తు కబురేమీ చెప్పదు. జిర్కోనియాకీ నికెల్ క్రోమియానికీ బిగువు (వంగకుండా నిలిచే గుణం) ఇంచుమించు సమానం, రెండూ 200 గిగాపాస్కల్ చుట్టుపక్కల.  అంటే బరువు పడినప్పుడు రెండూ వంగేది ఒకే తీరు, తేడా ఆఖరి క్షణంలోనే.

విరుగు దాదాపు ఎప్పుడూ కనెక్టర్ దగ్గరే, అదీ చిగురు వైపు నుంచి మొదలవుతుంది. లాగుడు అక్కడే ఎక్కువ గనక. విరిగిన ముఖాన్ని దీపం కిందికి వాల్చి చూస్తే, పగులు మొదలైన చోటి నుంచి సన్నటి గీతలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుని కనిపిస్తాయి. ఆ గీతలన్నీ కలిసే బిందువు దగ్గర చాలాసార్లు ఒక గాటు ఉంటుంది. పళ్లు విడివిడిగా కనబడాలని టెక్నీషియన్ డైమండ్ డిస్కుతో లోతుగా కోసిన గాటు అది. మూల పదునుగా ఉన్న కొద్దీ ఒత్తిడి అంతా అక్కడికే వచ్చి చేరుతుంది. పళ్లు విడిగా కనబడాలని పేషెంటు పట్టుబట్టడం, డాక్టరుగారు చీటీలో అదే రాయడం, ల్యాబు కాదనలేకపోవడం, ఈ మూడూ కలిసే ఆ గాటు పడుతుంది. నన్నడిగితే దవడ పళ్ల దగ్గర అంత ముచ్చట అనవసరం.

కనెక్టరు సైజుకి లెక్కలున్నాయి. దవడ వైపు ఒక్క పన్ను లోటున్న జిర్కోనియా బ్రిడ్జికి కనీసం 9 చదరపు మిల్లీమీటర్లు, రెండు పళ్ల లోటైతే 12 వరకు చూసుకుంటాం. ఈమ్యాక్స్‌కి చిన్న దవడ పళ్ల దగ్గర 16 కావాలి, అంతకంటే వెనక్కి దాన్ని బ్రిడ్జిగా వాడకూడదు. దాని బలం 400 మెగాపాస్కల్ దరిదాపుల్లోనే. విడి క్యాపుగా బంగారం లాంటిది, పెద్ద దవడ పన్ను లోటు దగ్గర మాత్రం తగదు.

విస్తీర్ణం ఒక్కటే చూసినా చాలదు. మూడు మిల్లీమీటర్ల ఎత్తు, మూడు వెడల్పు ఉన్న కనెక్టరూ తొమ్మిదే, నాలుగు ఎత్తు, రెండుంబావు వెడల్పు ఉన్నదీ తొమ్మిదే. రెండోది మూడో వంతు ఎక్కువ బరువు మోస్తుంది, బలం ఎత్తు వర్గంతో పెరుగుతుంది గనక. పన్ను పొట్టిగా ఉండి ఆ ఎత్తు దొరకని నోట్లో జిర్కోనియా పెట్టి విరిగిందని బాధపడే బదులు లోహం ఎంచుకోవడమే నయం.

కొత్తగా వచ్చిన, అద్దంలా మెరిసే పారదర్శక జిర్కోనియా గురించి ఒక హెచ్చరిక. వెలుతురు బాగా పోవాలని అందులో ఇట్రియా అనే ఆక్సైడు పాలు పెంచుతారు, దాంతో బలం పాతదానికి సగం దగ్గరికి పడిపోతుంది. పెట్టె మీద పేరు జిర్కోనియానే. దవడ వైపు పొడవాటి బ్రిడ్జికి అది పనికిరాదు. ఏ రకం వాడారో బిల్లు మీద రాయించుకోండి.

ఒక చివర వదులైంది, చెడు వాసన వస్తోంది

బ్రిడ్జి పడిపోలేదు, అలాగే ఉంది. కానీ తీపి తిన్నప్పుడు ఓ పక్క జివ్వుమంటుంది, పొద్దున్నే నోట్లో పాడు రుచి. డాక్టరుగారు బ్రిడ్జిని ఎత్తి నొక్కితే క్యాపు అంచున లాలాజలంలో బుడగలు వస్తాయి. ఒక చివర సిమెంటు పోయింది, రెండో చివర పట్టుకునే ఉంది. ఇది అన్నిటికంటే ప్రమాదం. బ్రిడ్జి ఊడి చేతిలోకొస్తే మనిషి క్లినిక్కుకి పరిగెడతాడు, ఇదైతే లోపల పన్ను పుచ్చి పిండయ్యేదాకా ఎవరికీ పట్టదు.

పొడవాటి సన్న బ్రిడ్జి వంగిన ప్రతిసారీ సిమెంటు పొర మీద లాగుడు పడుతుంది. చెరకు ముక్క, తేగ పీచు పీకేటప్పుడు పక్కకి లాగే బలం దీనికి తోడు. ఆధారపు పన్ను పొట్టిగా, మొనదేలినట్టు చెక్కి ఉంటే పట్టు ఇంకా తక్కువ.

మన వైపు ఇంకో కారణం ఉంది. ఆల్జినేట్‌ (నీళ్లతో కలిపే కొలత పొడి)తో తీసిన కొలతని అచ్చు పోయకుండానే బస్సు పార్సిల్లో పంపిస్తారు. ఎండలో ఆ పదార్థం నీరు కోల్పోయి ముడుచుకుపోతుంది. ఆ కొలత మీద చేసిన క్యాపు పన్నుకి సరిగ్గా కూర్చోదు, ఖాళీని సిమెంటుతో నింపుతారు. మందంగా ఉన్న సిమెంటు త్వరగా కరిగి కొట్టుకుపోతుంది. అచ్చు క్లినిక్కులోనే పోసి పంపాలి, లేదా ఎడిషన్ సిలికాన్‌తో (ముడుచుకుపోని రబ్బరు లాంటి పదార్థంతో) కొలత తీయాలి. ల్యాబు దూరంగా ఉన్న ఊళ్లకి ఇది తప్పనిసరి.

పరిష్కారం మెటీరియల్‌ని బట్టి ఉంటుంది. లోహపు బ్రిడ్జిని మెల్లగా తట్టి తీయొచ్చు. జిర్కోనియాని చాలాసార్లు నీళ్లు పోస్తూ కోయాల్సిందే. తిరిగి అంటించేటప్పుడు జిర్కోనియాని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఏమీ చెయ్యదు, గాజు రకాల మీదే అది పని చేస్తుంది. జిర్కోనియాకి తక్కువ ఒత్తిడితో అల్యూమినా పొడి కొట్టి, ఎమ్‌డీపీ (జిర్కోనియాని పట్టుకునే రసాయనం) ఉన్న ప్రైమరు, రెసిన్ సిమెంటు వాడాలి. నోట్లో ఒకసారి పెట్టి చూశాక లాలాజలం అంటిన ఆ లోపలి తలాన్ని మళ్లీ శుభ్రం చెయ్యకపోతే పట్టు రాదు.

చివరి పన్ను గాల్లో వేలాడేలా ఒకవైపే ఆధారం ఉన్న బ్రిడ్జి కూడా ఇదే కంప్లయింటుతో వస్తుంది. వెనక నొక్కితే ముందు క్యాపు లేస్తుంది. లోహంలో చేస్తే వదులవుతుంది, జిర్కోనియాలో చేస్తే విరుగుతుంది. మెటీరియల్ మార్చి లాభం లేదు. ఆ పన్ను లేకపోయినా పర్లేదేమో, ఇంప్లాంటు కుదురుతుందేమో డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఆధారపు పన్ను నొప్పి, కదలిక

ఇది ల్యాబు చూసేది కాదు, ఎక్స్‌రే చూసేది. రూట్ కెనాల్ చేసి లోపల పోస్టు (వేరులో దింపే కడ్డీ) వేసిన పన్నుని పొడవాటి బ్రిడ్జికి చివరి స్తంభంగా పెడితే పన్నే చీలిపోవచ్చు. లోటున్న పళ్ల వేర్ల విస్తీర్ణానికి ఆధారపు పళ్లది తగ్గకూడదని 1926 నాటి ఆంటే సూత్రం చెబుతుంది. ఇప్పుడు దాన్ని తు.చ. తప్పకుండా పాటించరు గానీ, ఇద్దరు మోయాల్సిన బరువు ఎవరి మీద వేస్తున్నామో చూసుకోవడానికి పనికొస్తుంది. ఉద్దానం వైపు కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ నొప్పికి మెడికల్ షాపులో నొప్పి మాత్రలు అడిగి వేసుకోకండి, డాక్టరుకి కిడ్నీ సంగతి ముందే చెప్పండి.

ఎదుటి పన్ను అరిగిపోతోంది

జిర్కోనియా గట్టిది కాబట్టి అరగదీస్తుందని చాలామంది భయం. అరగదీసేది గరుకుదనం. క్లినిక్కులో ఎత్తు తగ్గించడానికి బర్రు అనే తిరిగే ముల్లుతో రుద్ది, పాలిష్ చెయ్యకుండా వదిలేసిన చోటే ఎదుటి ఎనామిల్‌ని తినేస్తుంది. పై గ్లేజు (మెరుపు పూత) కొన్నాళ్లకి పోతుంది, కింద పాలిష్ ఉంటే భయం లేదు. పొడిగా రుద్దితే వేడికి సన్నటి పగుళ్లు కూడా పడతాయి, నీళ్లు పోస్తూ సన్న డైమండుతోనే చెయ్యాలి.

తాత్కాలిక బ్రిడ్జి విరిగింది

అది యాక్రిలిక్, దాని బిగువు జిర్కోనియాలో వందో వంతు దరిదాపుల్లోనే. కొన్ని వారాల కోసం చేసింది. "బాగానే ఉంది కదా బాబూ" అని సంక్రాంతి దాటేదాకా ఉంచితే విరగడం దాని తప్పు కాదు.

చిగురు దగ్గర నల్ల గీత

ఒత్తిడితో సంబంధం లేదు. లోహపు అంచు కనబడుతోందంతే. చిగురు వాచి దురద కూడా ఉంటే నికెల్ పడకపోవడం కావచ్చు, కోబాల్ట్ క్రోమియంకో జిర్కోనియాకో మారాలి. అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) అలవాటున్న పెద్దమ్మలు బ్రిడ్జి కోసం వెళ్లినప్పుడు అంగిలి కూడా చూపించుకోవాలి. తెల్ల మచ్చో, పుండో ఉంటే ముందు దాని సంగతి తేలాలి, బ్రిడ్జి తరవాత.

విరిగిన ముక్కలు పారెయ్యకండి, ఇన్‌స్టంట్ గమ్ముతో అంటించి మళ్లీ నోట్లో పెట్టుకోకండి. గమ్ము అంటిన విరుగు మీద, పగులు ఎక్కడ మొదలైందో చెప్పే ఆ గీతలు ఇక కనబడవు. కడిగి చిన్న డబ్బాలో వేసి డాక్టరుగారికి ఇస్తే కొత్త కొలతతో పాటు ల్యాబుకి వస్తాయి.