పెరటి ప్రహరీ గోడ ఉబ్బిందా? పని మొదలుపెట్టే ముందు

గోడ ఉబ్బితే చాలాసార్లు తప్పు గోడది కాదు, దాని వెనకున్న మట్టిది. ఒక ఘనపు మీటరు తడి మట్టి ఇంచుమించు 2 టన్నులు తూగుతుంది. అందుకే ఈ పని వానల్లో పెట్టుకోవద్దు.

• ముందు కొలవండి. గోడ పైనుంచి తూకం గుండు వేలాడదీసి, ఎంత బయటికొచ్చిందో రాసుకోండి. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. రెండు వారాల్లో పగులు గీత దాటిందంటే గోడ ఇంకా కదులుతోందని. ఇక సొంత ప్రయోగాలు ఆపి ఇంజనీరుకు చూపించాలి.

• ఉబ్బిన వైపు పిల్లల్ని, బండ్లను, పశువులను ఉంచొద్దు. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం వదలండి.

• పునాది పక్కన గునపం వేయకముందే సరుగుడు బాదులు ఏటవాలుగా ఆనించండి. వెనక మట్టిని పైనుంచి కొద్దికొద్దిగా తీయాలి. అడుగున తవ్వితే గోడ మనిషి మీదే పడుతుంది.

• నీళ్లకు దారి ఆలోచించారా? అడుగున నాలుగైదు అడుగులకొక పీవీసీ గొట్టం ముక్క, దాని వెనక కంకర. ఇది లేకుండా ఎన్ని పిల్లర్లు కట్టించినా డబ్బు మట్టిపాలే.

• గోడలో మోటారు వైరు ఉంటే మెయిన్ ఆపండి.

• ఉమ్మడి గోడైతే పక్కింటివాళ్లతో ముందే మాట్లాడండి. తర్వాత మాట్లాడితే అది పంచాయితీ అవుతుంది.

• “పైన ప్లాస్టరింగ్ చేస్తే కనపడదండీ” అనే మేస్త్రీకి టీ ఇచ్చి పంపేయండి.