మీ మండల కేంద్రం ఎటు ఓటేస్తుందో లెక్క తీయడం ఎలా

ముందే చెప్తున్నా, హోటల్ దగ్గర చాయ్ తాగుతూ విన్న మాటలు పట్టుకుని ఊరి ఓటు లెక్కేయొద్దు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు నేను చేసింది అదే. బస్టాండ్ పక్క హోటల్లో వారం రోజులు కూర్చుని, ఈసారి కూడా మా దగ్గర కారే అని పందెం కాసి, చివరికి నలుగురికి బిర్యానీ తినిపించాను. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ హోటల్‌కి వచ్చేవాళ్లలో సగం మంది చిన్నాచితకా కాంట్రాక్టు పనులు చేసేవాళ్లే, ఆడవాళ్లు ఒక్కరూ రారు, తండావాళ్లు సంత రోజు తప్ప కనిపించరు.

అసలు కావాల్సింది ఫారం 20. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయి, నోటాకు ఎన్ని అన్నది అందులో వరుసగా ఉంటుంది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా పెడతారు, లోక్‌సభదైతే అసెంబ్లీ సెగ్మెంట్ చూసి వెతకాలి. చాలావరకు స్కాన్ కాపీలే, కొన్ని పేజీలు అడ్డంగా కూడా ఉంటాయి, కాబట్టి మీ ఊరి బూత్‌ల వరకు ఎక్సెల్‌లో చేత్తో కొట్టుకోవడమే సులువు. పోస్టల్ ఓట్లు బూత్‌ల్లో కలవవు, చివర్లో విడిగా చూపిస్తారు. ఎన్నికల డ్యూటీకి వెళ్లే టీచర్లు ఎక్కువున్న వీధి లెక్క అందుకే కొంచెం తేడా కొడుతుంది.

ఇప్పుడు బూత్ నంబర్‌కి వాడకట్టు జత చేయాలి. ఓటర్ల జాబితాలో ఒక్కో భాగానికి ఒక్కో బూత్, మొదటి పేజీలోనే ఏ వీధులు వస్తాయో రాసి ఉంటుంది. మా హైస్కూల్లో రెండు బూత్‌లు పక్కపక్క గదుల్లో పెడతారు, మధ్యలో ఒక గోడ అంతే. ఒక గదికి మెయిన్ రోడ్డు దుకాణాలవాళ్లు, రెండో గదికి చెరువు కింది వాడ, తండా జనం వస్తారు. ఆ రెండు గదుల ఓట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి రెండు వేరే ఊళ్లేమో అనిపిస్తుంది. అన్నట్టు, ఓటర్లు పెరిగితే బూత్‌ను రెండు చేస్తారు, నంబర్లు జరుగుతాయి, కాబట్టి 2018 నంబర్‌ని 2023 నంబర్‌తో గుడ్డిగా కలపొద్దు, వీధి పేర్లతోనే కలపండి.

తర్వాత కనీసం రెండు ఎన్నికలు పక్కన పెట్టండి. తెలంగాణలో ఇందుకు 2023 నవంబర్ 30 అసెంబ్లీ పోలింగ్, 2024 మే 13 లోక్‌సభ పోలింగ్ కంటే మంచి జత దొరకదు. ఆరు నెలలు కూడా తిరక్కుండానే రాష్ట్రం మొత్తం మీద బీఆర్‌ఎస్ ఓటు దాదాపు 37 శాతం నుంచి 17 లోపుకు పడింది, బీజేపీది 14 దగ్గర నుంచి 35కి ఎక్కింది, కాంగ్రెస్ మాత్రం 40కి అటూఇటుగా అక్కడే ఉంది. ఇది చూసి కారు ఓటంతా పువ్వుకే పోయిందని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీ బూత్‌ల్లో చూడండి, ఒక వాడలో కారు ఓటు చేతికి పోయి, ఇంకో వాడలో చేతి ఓటు పువ్వుకు పోయి, మొత్తం కూడితే చెయ్యి కదలనట్టు కనిపించొచ్చు. మా ఊరు ఫలానా పార్టీ ఊరు అని ఎవరైనా అంటే, ఏ ఎన్నికలో అని అడగండి.

ఓట్లు తగ్గాయంటే జనం మారారనే కాదు, రాలేదని కూడా కావచ్చు. ముంబై, హైదరాబాద్, గల్ఫ్ వెళ్లినవాళ్లు ఎక్కువున్న వాడల్లో పోలైన మొత్తం ఓట్లు ముందు చూసి, ఆ తర్వాతే శాతాల్లోకి దిగండి. గుర్తుల గొడవ ఒకటి: 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కారు ఓడింది 5 వేల పైచిలుకు ఓట్లతో, చూడ్డానికి కారులాగే ఉండే రోడ్డు రోలర్ గుర్తుకు పడ్డవి 27 వేల పైనే. అవన్నీ పొరపాటు ఓట్లని చెప్పలేం, కానీ ముసలివాళ్లు ఎక్కువున్న బూత్‌లో ఆ కాలమ్ కూడా చూసి వదలండి.

సర్పంచ్ ఎన్నికను ఈ షీట్‌లో కలపొద్దు. అక్కడ పార్టీ గుర్తులుండవు, ఉంగరం, కత్తెర లాంటివే. గెలిచినాయన మెడలో రాత్రికి ఏ కండువా పడినా, ఓటు పడింది మాత్రం చుట్టరికానికో, బోరు వేయించినందుకో, పాత పంచాయితీకో.

చివర్లో మనుషుల దగ్గరికి వెళ్లండి. "పెద్దమ్మా, నువ్వు ఎవరికేసినవ్?" అంటే నవ్వి ఊరుకుంటుంది, లేదంటే మీ ముఖం చూసి మీకు నచ్చేది చెప్తుంది. "పోయిన్సారి కంటే మీ వాడల ఏం మారింది?" అనండి, పింఛన్ ఎప్పుడు పడుతుందో, రుణమాఫీ ఎవరికి ఆగిందో, కొడుకు ఏ గ్రూపులో తిరుగుతున్నాడో అన్నీ వస్తాయి. కాగితం తీసి రాయడం మొదలుపెట్టారా, అంతే, మాట ఆగిపోతుంది.

షీట్ తయారయ్యాక ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం వేయకండి. ఫలానా వాడ ఓటేయలేదు కాబట్టి ఆ సీసీ రోడ్డు ఆపండి అనే నాయకులు ఉంటారు. బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రం పెట్టాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది ఈ భయంతోనే, ఇప్పటికీ అది అమల్లోకి రాలేదు. నా షీట్ ఎవరైనా అడిగితే రాష్ట్రం లెక్కలున్న పేజీ చూపించి పంపిస్తున్నాను.