బీచ్‌లో బ్లూ బాటిల్ కనబడితే దాన్ని ఎలా చూడాలి

ఋషికొండలోనో యారాడలోనో తడి ఇసుక మీద నీలంగా, కొంచెం గులాబీ ఛాయతో మెరిసే బుడగ కనబడితే ముందు పిల్లల్ని ఆపండి. ఒడ్డున పడి చచ్చిపోయినా దాని దారాలు కుడతాయి. తెగిపోయిన ముక్క కూడా కుడుతుంది. చెప్పులు లేకుండా దగ్గరికి వెళ్లొద్దు.

ఇక చూడటం మొదలుపెడదాం. దీని శాస్త్రీయ నామం ఫైసాలియా. చాలామంది జెల్లీఫిష్ అనుకుంటారు గానీ ఇది సైఫనోఫోర్. అంటే ఒకే గుడ్డు నుంచి మొగ్గల్లా పుట్టుకొచ్చిన బోలెడు జీవులు విడిపోకుండా, తలో పనీ పంచుకుని బతికే కాలనీ. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ పని పంపకమే, అందుకే బుడగ కింద ఉన్న గుత్తిని తీరిగ్గా చూడమంటాను. పొడుగ్గా చుట్టలు చుట్టుకున్న దారాలు వేట కోసం, నీళ్లలో ఉన్నప్పుడు పెద్దవాటికి ఇవి 30 మీటర్ల దాకా సాగుతాయి, ఎక్కువగా చేపపిల్లల్ని పడతాయి. వాటి మొదట్లో పొట్టిగా కనబడే గొట్టాలు తిండి అరిగించే జీవులు. వాటికి వేటాడటం రాదు, వేటాడేవాటికి తినడం రాదు. పిల్లల్ని కనే పని ఇంకో రకానిది.

పైన బుడగ మాత్రం తెరచాప. అందులో గాలితో పాటు ఆ జీవి తానే తయారు చేసుకున్న కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కింది గుత్తి బుడగకు సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది, అది ఏ పక్కో గమనించండి: కొన్ని కుడివాటం, కొన్ని ఎడమవాటం, ఒకే గాలికి రెండూ చెరో దిక్కుకూ పోతాయి. ఈదడం దీనికి చేతకాదు. అట్లాంటిక్, హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చటి నీళ్ల మీద గాలి ఎటు తోస్తే అటు పోతుంది, సముద్రం మీంచి ఒడ్డుకు గాలి గట్టిగా వీచినప్పుడు ఇలా వచ్చి పడుతుంది.

బుడగ లేకుండా రూపాయి బిళ్లలా గుండ్రంగా, చుట్టూ నీలం కుచ్చుతో ఉంటే అది పోర్పిటా, సైఫనోఫోర్ కాదు.

ఫోటో తప్పకుండా తీయండి, పక్కన ఒక పెన్ను పెట్టి, పొడుగు దారం ఒకటా చాలా ఉన్నాయా తెలిసేలా. తేదీ, చోటు రాసి ఐనాచురలిస్ట్‌లో, అంటే తమకు కనబడ్డ జీవుల ఫోటోలు జనం పెట్టే వెబ్‌సైట్‌లో, పెట్టండి. ఒకే జాతి అనుకున్న ఫైసాలియాలో నాలుగు జాతులున్నాయని 2025లో తేల్చినప్పుడు, జన్యువులతో పాటు మామూలు జనం పెట్టిన వేల ఫోటోలు కూడా పనికొచ్చాయి.

ఒకవేళ కుడితే టెన్షన్ పడి ఇసుకతో రుద్దకండి. అంటుకున్న దారాన్ని పట్టకారుతో తీసి, సముద్రపు నీళ్లతోనే కడగండి. తర్వాత కాలకుండా ఓర్చుకోగలిగినంత వేణ్నీళ్లలో, అంటే 45 డిగ్రీల దగ్గర, 20 నిమిషాలు ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. ఊపిరి ఆడకపోయినా, కంట్లో తగిలినా, చిన్నపిల్లలకు ఒళ్లంతా చారలు తేలినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.